మలంచా రోడ్డు వియ్యపురాలు

పోయిన నెల మా చిన్నమ్మాయి కొత్త కారు కొనుక్కుంది. తాళాలు పుచ్చుకునేటప్పుడు నువ్వూ పక్కన ఉండాలమ్మా అని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. షోరూము చల్లగా ఉంది. కాఫీ ఇచ్చారు, కారుకి ఎర్ర రిబ్బను కట్టారు. టై కట్టుకున్న కుర్రాడు అన్నీ తిప్పి చూపించాక, పెద్దదాన్ని కదా అని నా వైపు తిరిగి మర్యాదగా, "ఇంజనుకి పూర్తి గ్యారంటీ ఉంది ఆంటీ. బయటవాళ్ళ చేత మాత్రం విప్పించకండి, అంతే" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. కాఫీ చీర మీద ఒలికింది. మా అమ్మాయి మోచేత్తో పొడిచింది. తనేం తప్పు మాట్లాడాడో తెలీక ఆ కుర్రాడు బిక్కమొహం వేశాడు. పాపం వాడికేం తెలుసు. ఆ మాట నేను మొదటిసారి విన్నప్పటికి వాడి తండ్రి కూడా లాగు తొడిగి ఉండడు. విన్నది ఖరగ్‌పూర్లో, మలంచా రోడ్డు మీద. ఆ మాట అన్నవాడికి జవాబు చెప్పిన మనిషి ఇప్పుడు లేదు. ఎప్పుడో పోయింది. నేను చివరిచూపుకి కూడా వెళ్ళలేకపోయాను. కారు వెనకసీట్లో కూర్చుని ఇంటికొస్తూ దారంతా ఆవిడతోనే మాట్లాడుకున్నాను.

ఆవిడని ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. నాకూ అలవాటు లేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టను.

నేను కాపురానికి వెళ్ళింది అరవైల చివర్లో. మాది పలాస దగ్గర పల్లె. మా ఆయన స్టేషన్లో బుకింగ్ క్లర్కు, మామగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అత్తగారు నేను వెళ్ళకముందే పోయారు. రైల్వే క్వార్టర్ల వరసని అక్కడ లైను అంటారు. మా లైనంతా తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళే. బజార్లో బెంగాలీ, పనిలో హిందీ, ఇంట్లోకి వచ్చి చెప్పులు విడిస్తే మన యాస. లైను వెనక గోడని ఆనుకుని ఒక పెంకుటిల్లు ఉండేది. ఆవిడ అందులో అద్దెకుండేది.

వెళ్ళిన మర్నాడే తలుపు మీద టకటకమని చప్పుడు. ఆవిడ చేత్తో తలుపు కొట్టదు, గొడుగు పిడితో కొడుతుంది. ఎండైనా వానైనా మబ్బైనా ఆ గొడుగు ఉండాల్సిందే. ఎత్తు మనిషి. నలుపు. నుదురు బోసిగా ఉన్నా మొహంలో బోసితనం ఎక్కడా లేదు. కొత్త కోడలిని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా వంటొచ్చా, కుట్టొచ్చా అని అడుగుతారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఒలే కోడలా, తిరగబడ్డం వొచ్చా నీకు?" అంది.

నేను తల దించుకున్నాను.

"నేర్సుకోవాల. మీ మావ మంచోడే. మంచోలింట్లోనే ఎవులో ఒకలు తిరగబడాల. లేపోతే ఇల్లు నిలబడదు," అని చాప మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. మా మామగారు వసారాలోంచి విని నవ్వుకున్నారు. ఆయన ఆవిడని చెల్లెమ్మా అని పిలిచేవారు, ఆవిడ అన్నా అనేది. ఏ చుట్టరికమూ లేదు, ఒకే రైలు పట్టాల పక్కన పెరిగారు, అంతే. ఆ లెక్కన నాకు అత్తయింది.

ఆవిడ పెనిమిటి రైలింజను డ్రైవరు. ఆయన పోయాక చుట్టాలందరూ వచ్చి, ఊరికి తిరిగొచ్చేయ్, వచ్చిన డబ్బుతో రెండు మడిచెక్కలు కొనుక్కో, అన్నదమ్ముల నీడన ఉండు అన్నారట. ఆవిడ అందరికీ అన్నం పెట్టి, రైలెక్కించి, తిరిగొచ్చి టాక్సీకని కారుకి పేరు నమోదు చేయించుకుంది. ఆ రోజుల్లో కారంటే అడగ్గానే ఇచ్చేది కాదు. ఏళ్ళ తరబడి కాచుక్కూర్చోవాలి. కూర్చుంది. కూర్చోవడంలో ఆవిడకి సాటి లేదు.

అది ఆవిడ విద్య. రేషన్ షాపులో చక్కెర అయిపోయిందంటాడు. "అలగా? అయితే కూకుంటాను," అంటుంది. ఖాళీ డబ్బా బోర్లించుకుని గట్టు పక్కన కూర్చుంటుంది. కేకలు లేవు, తిట్లు లేవు. షాపువాడి తల్లి మోకాలి నొప్పి గురించి వాకబు చేస్తుంది. వాడికి తమలపాకు చుట్టి ఇస్తుంది. వరసలో ఉన్న ప్రతివాళ్ళనీ పలకరించి "సక్కెర లేదంట దీదీ, కూకో" అంటుంది. కాసేపటికి లోపల ఎక్కడో ఒక బస్తా అడుగున చక్కెర దొరికేది. పింఛను ఆఫీసులో, రైల్వే ఆస్పత్రిలో, పోస్టాఫీసులో ఇదే వరస. అరిచి అడగొచ్చు కదా అత్తా అని ఒకసారి అన్నాను. "అరిస్తే ఆడికి కోపమొస్తాది. కోపమొస్తే ఆడికి బలం. పక్కన కూకున్నామనుకో, ఆడికేటీ తోసదు," అంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆవిడ అడిగి ఊరుకునే రకం కాదు.

కారు వచ్చింది. నేను వెళ్ళిన కొన్నాళ్ళకి, నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. తమ్ముడు నడపడానికి కుదిరాడు. అతను నోట్లో నాలుక లేని మనిషి, అక్క మాటే వేదం. మొదటి రోజు బోనెట్టుకి పసుపు రాసి కుంకం బొట్టు ఆవిడే స్వయంగా పెట్టింది. భర్త పోయిన మనిషి బొట్టు పెట్టడమేమిటని ఒకరిద్దరు మూతులు ముడిచారు. "నా కోడలికి నాను పెట్టకపోతే ఎవులు పెడతారు?" అంది, వాళ్ళ ఎదురుగానే. అప్పట్నుంచి ఆ కారు కోడలు. కారు అమ్మిన మలంచా రోడ్డు డీలరు వియ్యంకుడు. ఆయన బెంగాలీ బాబు, పంచె ఇస్త్రీ నలగని మనిషి. ఆవిడ షోరూము గుమ్మంలోంచే "కీ బెయాయ్ మశాయ్, భాలో?" అని కేకేసేది. వియ్యంకుడు గారూ బాగున్నారా అని. కారు కొన్న రోజున ఆయనా నవ్వాడు.

స్టేషన్ నుంచి హిజ్లీలో ఉన్న ఇంజనీరింగు కాలేజీ దాకా సవారీలు బాగానే దొరికేవి. ప్రొఫెసర్లు, వాళ్ళ చుట్టాలు, పెట్టెలూ బెడ్డింగులతో దిగే విద్యార్థులు. కారు తిరిగితే ఆవిడ పొయ్యి మీద కుండ ఎక్కుతుంది, ఆగితే లేదు. ఆ సంగతి లైనులో అందరికీ తెలుసు.

నెల తిరక్కుండానే కోడలికి జ్వరం తగిలింది. సగం దారిలో ఇంజను సలసలా మరిగిపోయేది. బోనెట్టు సందుల్లోంచి తెల్లటి ఆవిరి. ఇంకే ఊళ్ళో అయినా జనం భయపడేవారు. మా లైనువాళ్ళు ఆవిరింజన్ల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు. "ఆవిరొస్తందంటే ఇంజను బతికున్నట్టే," అని ధైర్యం చెప్పారు. ఆవిడ డీలరు దగ్గరికి తీసుకెళ్ళింది. రోజంతా ఉంచుకుని నీళ్ళు పోసి పంపాడు. కొత్త ఇంజను, నెమ్మదిగా సర్దుకుంటుందన్నాడు. మళ్ళీ తీసుకెళ్ళింది. మళ్ళీ అదే నీళ్ళు, అదే మాట. ఒక రోజు రైలందుకోవలసిన ప్రొఫెసరు గారు హిజ్లీ రోడ్డు మధ్యలో దిగి పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తాక సవారీలు పడిపోయాయి. తమ్ముడు కారు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఆవిడ ఇంటి పొగ ఆలస్యంగా లేవడం నేను మా పెరట్లోంచి చూసేదాన్ని.

మా మామగారు తట్టుకోలేకపోయారు. రోగంతో ఉన్న ఇంజను పక్కనే ఉంటే వర్క్‌షాపు ఫిట్టరు చేతులు ముడుచుకుని కూర్చోవడం అయ్యే పని కాదు. ఆదివారం పొద్దున్నే వర్క్‌షాపు పానాలు సంచిలో వేసుకుని వెళ్ళి, "ఒక్క పాలి మూత తీసి సూసేస్తాను సెల్లెమ్మా," అన్నారు. తీశారు. లోపల ఇంజను దిమ్మలో వెంట్రుకంత పగులు. నీళ్ళు ఆ సందులోంచి లోపలికి పోయి ఆవిరవుతున్నాయి. "పోతపోసినప్పుడే పుట్టినాది ఇది. బాగుచెయ్యడానికి లేదు. మార్సాల్సిందే," అని మళ్ళీ మూత బిగించేశారు.

అక్కడితో ఆగి ఉంటే గొడవ ఉండేది కాదు. కానీ వర్క్‌షాపులో ఆయన నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. విప్పినదాన్ని మురికిగా అప్పగించకూడదు. కిరసనాయిలు, గుడ్డపీలికలు తీసుకుని ప్రతి బోల్టూ తోమారు. గుళ్ళో గంటల్లా మెరిసిపోయాయి. బోల్టుల తలల మీద ఏదో పచ్చరంగు అంటుకుని ఉంటే, ఎవడో పనిరానివాడు రంగు ఒలకబోశాడని తిట్టుకుంటూ అది కూడా గీకి పారేశారు.

ఆ రంగు చుక్కలు కంపెనీ వాళ్ళు పెట్టిన గుర్తులు. మూత ఎవరైనా కదిపారా లేదా తెలియడానికి.

మర్నాడు ఆవిడ, "రా కోడలా, మలంచా సూపిస్తాను," అని నన్నూ కారెక్కించింది. దారిలో నీళ్ళు పోసుకుంటూ ఎలాగో చేరాం. డీలరు బోనెట్టెత్తాడు. లోపల ఇంజను పెళ్ళికూతుర్లా ఉంది. ఆయన చాలాసేపు దానివైపే చూసి, "కౌన్ ఖోలా?" అన్నాడు.

ఎవరు విప్పారు అని. ఆవిడ లోపల పగులుంది చూడమంది. లోపల పగులున్నట్టు నీకెలా తెలుసన్నాడు. ఆవిడ నాలుక కరుచుకుంది. అప్పుడన్నాడు ఆ మాట, బయటవాళ్ళు విప్పితే గ్యారంటీ లేదు, ఇక మేం ముట్టుకోం అని. ముట్టుకోనంటే పగులు చూడనని అర్థం. చూస్తే ఒప్పుకోవాలి కదా.

ఆయన అక్కడితో వదిలిపెట్టినా బాగుండేది. గొంతు తగ్గించి బేరం పెట్టాడు. ఖరగ్‌పూర్లో ఏ కారు చెడిపోయినా రైల్వేవాళ్ళే ఆదివారాలు విప్పి బాగుచేసేస్తున్నారని, ఆయన షెడ్డుకి ఎవరూ రావడం లేదని ఆయనకి కడుపుమంట. అందులో ఒక్కడైనా రుజువుతో దొరికితే వర్క్‌షాపు పెద్దలకి ఫిర్యాదు చేయాలని చాలాకాలంగా చూస్తున్నాడు. "ఏక్ నామ్ బోలో దీదీ. బస్, ఏక్ నామ్," అన్నాడు. ఒక్క పేరు చెప్పు, విప్పినవాడి పేరు. కంపెనీకి నేనే చెప్పి ఇంజను మార్పిస్తాను.

సర్కారు పానాలతో బయట పని చేశాడంటే మా మామగారి ఉద్యోగం ఊడుతుంది. సర్వీసు చివరికొచ్చింది. ఆ వయసులో పింఛను పోతుంది, మేమున్న క్వార్టరు పోతుంది. ఆవిడ ఒక్క మాటంటే ఆవిడ కారు నడుస్తుంది, మా ఇల్లు కూలుతుంది. నేను ఆవిడ మొహంలోకి చూడలేక గోడకి ఉన్న గడియారం చూస్తూ నిలబడ్డాను.

"పేరు నాకు తెలుసు," అంది ఆవిడ. "సెప్పను. కూకుంటాను."

కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇంటికొచ్చాక మా మామగారు కంచం ముట్టలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే మనిషి, ఇక నిజంగా దొంగయితే ఆగుతారా. "నానే ఇప్పినానని ఎల్లి సెప్పేస్తాను సెల్లెమ్మా. నా వల్ల నీ నోటికాడ కూడు పోతంది," అన్నారు.

"సెప్పు. సెప్పేసి వొచ్చి, రేపట్నుంచి పొయ్యెక్కడ పెట్టుకోవాలో ఆ గుంటకి కూడా సెప్పు," అంది నన్ను చూపించి. "నోరు మూసుకుని నాకు నేర్పు."

"ఏటి నేర్పాల?"

"మూత తీయడం. నానే ఇప్పినానని సెప్పబోతన్నాను. సెప్పేముందు ఇప్పాల కదా. అబద్దం నాకరగదు."

ఆ వానాకాలం అలా గడిచింది. పొద్దున్న ఆవిడ షోరూములో కూర్చునేది. కొత్తగా కారు చూడ్డానికి ఎవరొచ్చినా పలకరించేది. "నానూ ఇక్కడే కొన్నాను బాబూ. రంగు మంచి రంగు. సీట్లు మెత్తన. ఇంజను సంగతి మా బెయాయ్ మశాయ్‌ని అడుగు." డీలరు టీ తెప్పిస్తే కాదనేది కాదు, వియ్యాలవారింట ఇచ్చినది వద్దనకూడదట. ఒకసారి కానిస్టేబుల్ని పిలిపించాడు. ఆవిడ అతనికి కూడా కుర్చీ చూపించి, అతని ఊరు, పిల్లలు, అన్నీ కనుక్కుంది. వెళ్ళేటప్పుడు అతను దండం పెట్టి వెళ్ళాడు. డీలరు రోజూ ఆ ఒక్క పేరే అడిగేవాడు. మింగలేక కక్కలేక ఉన్నాడు, అయినా తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మధ్యాహ్నం మా పెరటి గోడ పక్కన, మామగారు డ్యూటీ దిగి వచ్చాక, ఆ కారు మీదే పాఠం. మెతకమనిషి అనుకున్న మా మామగారు గురువయ్యేసరికి రాక్షసుడయ్యారు. "మధ్య బోల్టు ముట్టుకోకు! అంచుల్నించి లోనికి రావాల! ఒక్కపాలే లాగితే మూత వొంగిపోద్ది!" అని కసిరేవారు. పేరు చెప్పనందుకు ప్రాణమిచ్చే మనిషి, బోల్టు తప్పు విప్పితే కొట్టేట్టున్నారు. ఆవిడ చేతులు బొబ్బలెక్కాయి. నేను కొబ్బరినూనె రాసేదాన్ని. "ఇయ్యేటి, ఆడదాని సేతులేనా," అని తన అరచేతులు చూసుకుని నవ్వేది. విప్పేది, బిగించేది, మళ్ళీ విప్పేది. ఎవరో నేర్పింది చూసి అప్పచెప్పడం కాదు, నిజంగా తన చేత్తో విప్పింది. ఒకసారి కాదు.

విశ్వకర్మ పూజకి కలకత్తా నుంచి కంపెనీ ఇంజనీరు షోరూముకి వస్తున్నాడని అక్కడి కాపలావాడే ఆవిడకి చెప్పాడు.

విశ్వకర్మ పూజంటే ఖరగ్‌పూర్లో మామూలు పండగ కాదు. ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టరు. సుత్తెలు, పానాలు, యంత్రాలు అన్నిటికీ బొట్లు పెట్టి దండలు వేస్తారు. వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్ళందరికీ తెరుస్తారు. ఏడాదికొకసారి మగవాళ్ళు పనిచేసే చోటు చూడ్డానికి ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని వెళతారు. ఆ ఏడు మా లైను ఆడవాళ్ళు సగంమంది వర్క్‌షాపు మానేసి మలంచా వచ్చారు. మగవాళ్ళు కారుకి తాడు కట్టి జగన్నాథుడి రథంలా లాగారు. తాడు పనిముట్టు కాదని వాళ్ళ వాదన. ముందు ఆవిడ, జరీ అంచు చీరలో, గొడుగు వేసుకుని. వెనక నేను, సారె బుట్ట మోస్తూ. అరటిపళ్ళు, కొబ్బరికాయ, నేను వండిన అరిసెలు.

షోరూము వాకిట్లో విగ్రహం, దాని ముందు పనిముట్లు, పక్కన కుర్చీలో కళ్ళద్దాల పెద్దాయన. ఆయనే ఇంజనీరు. ఆవిడ సారె బుట్ట డీలరు చేతుల్లో పెట్టింది. "బెయాయ్ మశాయ్, మీ ఆడపిల్లని పండక్కి పుట్టింటికి తీసుకొచ్చినాను. దానికి ఒంట్లో బాగోనేదు."

జనం నవ్వారు. ఇంజనీరు సంగతేమిటన్నాడు. బయటవాళ్ళు విప్పారు సార్, పేరు దాస్తోంది అని డీలరు మొదలుపెట్టాడు. ఇంజనీరు ఆవిడ వైపు తిరిగి అదే ప్రశ్న అడిగాడు, ఎవరు విప్పారని.

"హమ్ ఖోలా బాబూ," అంది ఆవిడ. నేనే విప్పానని, తన హిందీలో, గుండె మీద చెయ్యి వేసుకుని. "హమ్."

డీలరు పగలబడి నవ్వాడు. ఈవిడకి పానా ఏ వైపు పట్టుకోవాలో తెలుసా అన్నాడు.

"ఇయ్యి, సూపిస్తాను. బయటోలు ఇప్పితే గ్యారంటీ లేదన్నావు. నాను బయటదాన్నా? పొయ్యి నాది, కుండ నాది, మూత నాను తీస్తే తప్పేటి?"

మెకానిక్కులు పానా ఇచ్చేది లేదన్నారు. ఈ రోజు ముట్టకూడదు, పాపం అన్నారు. ఆవిడ విగ్రహం దగ్గరికి నడిచింది. చెప్పులు విడిచి దండం పెట్టింది. "బాబూ, నీ పండగనాడు నీ పనే సేస్తన్నాను. తప్పయితే నన్ను సూడు, కోడల్ని సూడకు," అని బంతిపూల కింద నుంచి పానా తీసుకుంది. సిందూరం అరచేతికంతా అంటింది. ఎవరూ అడ్డుపడలేదు. పడే ధైర్యం ఎవరికుంది.

నీళ్ళు వదిలింది. గొట్టాలు ఊడదీసింది. పైమూత తీసి పక్కన పెట్టింది. అప్పుడు రోడ్డు అవతల, తమలపాకుల బడ్డీ పక్కన మా మామగారు కనిపించారు. రావద్దని ఆవిడ ఒట్టేయించుకున్నా వచ్చేశారు. తువ్వాలు పిండుతూ నిలబడ్డారు. ఆవిడ పానా ఎత్తి, అంతమంది చూస్తున్నారన్న తొట్రుపాటులో, తిన్నగా మధ్య బోల్టుకి తగిలించింది.

మామగారి అడుగు రోడ్డు మీద పడింది. ఆయన ఇక ఆగరని నాకర్థమైంది. ఆ వాకిట్లోకి వచ్చి పానా అందుకుంటే చాలు, డీలరుకి పేరు చెప్పక్కర్లేదు. నేను పరిగెత్తాను. అప్పటిదాకా మామగారి ఎదుట నిలబడి ఎరగని దాన్ని, ఆయన దారికడ్డంగా నిలబడ్డాను. "వెనక్కెళ్ళండి మావయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన నన్ను చూశారు. నా భుజం మీదుగా వాకిట్లోకి చూశారు. ఆగారు.

ఆవిడ పానా వెనక్కి తీసేసింది. చెమట తుడుచుకుంది. అంచు బోల్టు దగ్గర మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, అంచుల నుంచి లోపలికి. తమ్ముడు ఓ చెయ్యి వేస్తే ఇద్దరూ మూత పైకెత్తి గోనె మీద పెట్టారు. ఇంజను దిమ్మకి కిరసనాయిలు పూసి, కాసేపు ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, కొంగున ముడేసుకొచ్చిన ముగ్గుపిండి చల్లింది. మళ్ళీ చేతులు కట్టుకుని కూర్చుంది. సందులోకి ఇంకిన కిరసనాయిలు ఊరి, తెల్లటి పిండిలో సన్నగా నల్లటి గీత పైకి తేలింది. దారప్పోగులా, సిలిండరు అంచు నుంచి నీటి కన్నం దాకా.

ఇంజనీరు వంగి కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. గోటితో గీత వెంట రాశాడు. ఆపైన నెమ్మదిగా, ఇది వర్క్‌షాపుల్లో చేసే పరీక్ష కదా, నీకెవరు నేర్పారమ్మా అన్నాడు.

డీలరు ఎగిరి గంతేశాడు. "అదే సార్, అదే! రైల్వేవాడే! పేరు అడగండి!"

నా వెనక మామగారి ఊపిరి నాకు వినిపిస్తోంది.

"ఈ ఊర్లో ఎవులు నేర్పలేరో సెప్పు బాబూ," అంది ఆవిడ. "ఇక్కడ ఉయ్యాల్లో గుంటలకి కూడా ఇంజను మూలిగితే తెలుస్తాది. నాకు నేర్పినోడి పేరు నాకు తెలుసు, సెప్పను. ఇప్పుడు నువ్వు సెప్పు. నీకు పేరు కావాలా, పగులు కావాలా?"

ఆ మాట హిందీలోనే అంది. ఆ పెద్దాయన సిందూరమూ గ్రీజూ కలిసిన ఆవిడ అరచేతుల వైపు చూశాడు. డీలరు వైపు చూశాడు.

"దరార్," అన్నాడు. పగులు.

అంతే. కొత్త ఇంజను పెట్టించమని అక్కడికక్కడే చెప్పాడు. డీలరు మొహం చూడాలి. ఆవిడ సారె బుట్టలోంచి అరిసె తీసి ఆయన చేతిలో పెట్టి, "తిను బెయాయ్ మశాయ్. నీ మీద నాకు కోపం లేదు. మళ్ళీ జొరమొస్తే మళ్ళీ వొస్తాను," అంది. ఆయన తిన్నాడు. ఏం చేస్తాడు.

కారు తర్వాత చాలా ఏళ్ళు హిజ్లీ రోడ్డు మీద తిరిగింది. మా మామగారు సర్వీసు పూర్తిచేసుకుని, మెళ్ళో దండలతో మర్యాదగా ఇంటికొచ్చారు. ఆయన ఆవిడకి కృతజ్ఞత చెప్పగా నేనెప్పుడూ వినలేదు. చెబితే ఆవిడ తిట్టేది.

ఆ రోజు కారుని పుట్టింట్లో వదిలేసి నడిచి వస్తున్నాం, ఆవిడా నేనూ. ఆకాశం నిండా గాలిపటాలు, అక్కడ విశ్వకర్మ పూజకే ఎగరేస్తారు. ఉండబట్టలేక అడిగేశాను. "ఆయన పగులు కాదు, పేరే కావాలనుంటే ఏం చేసేదానివత్తా? కారు పోయేది కదా. అప్పటికైనా చెప్పేదానివా?"

ఆవిడ నడుస్తున్నదల్లా ఆగింది. ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎలా వచ్చిందా అన్నట్టు నన్ను చూసింది. దూరంగా మా లైను కనబడుతోంది. గుమ్మాల్లో దీపాలు పెడుతున్నారు. గొడుగుతో అటు చూపించింది.

"మీ మావ పేరు సెప్పి తెచ్చుకున్న కారు, ఆ ఈదిలోకి ఏ మొగం పెట్టుకుని తోలుకొస్తానే?"